తొమ్మిది డిగ్రీలు

నాలుగూ ఇరవై అయింది. అక్క నాలుగున్నరకి గాని డాబా ఎక్కదు, కాబట్టి ఇప్పుడు పైన చప్పుడు లేకపోవడం లెక్కలోకి రాదు. నేలమీద వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూస్తున్నాను. మిషను ఆపేశాను, ఫ్యాను ఆపేశాను, చప్పుడు చేసేవన్నీ ఆపేసి చెవులు రిక్కించుకుని ఉన్నాను. నెల కిందట ఈ గదిలో ఈ వేళప్పుడు ఫ్యాను ఆపి పడుకుంటే, మతి పోయిందని నన్ను ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్ళేవారు. ఎవరు తీసుకెళ్తారన్నది వేరే సంగతి. ఇంట్లో ఉన్నది నేనూ, నా కుట్టుమిషనూ, జిప్పులు మార్చాల్సిన పదకొండు పంట్లాములూ. కింద అక్క ఉంది. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు, మా బావగారి భార్య. కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. వాళ్ళూ మేమూ అనడం నోటికి అలవాటైపోయి అంటున్నాను, బావగారు ఎప్పుడో పోయారు, మా ఆయన ఆరేళ్ళ కిందట పోయాడు, ఇప్పుడు కింద ఒకత్తి, పైన ఒకత్తి. డాబా మాత్రం ఇద్దరిదీ. ఆమె పెరటి వైపు మెట్ల మీదుగా ఎక్కుతుంది. నా గుమ్మం ముందు నుంచి వెళ్ళే మెట్లు తొక్కి ఆరేళ్ళయింది, నేనూ పెరటి వైపు కిటికీ తెరిచి ఆరేళ్ళయింది. మాటల్లేవు. అయినా రోజూ నాలుగున్నరకి వచ్చి నా నెత్తిమీద నడుస్తుంది. మోకాలికి ఆపరేషనయ్యాక డాక్టరు నడవమన్నాడట, పాలావిడ చెప్పింది. ఆరేసిన బట్టలు తీసుకుని, వాటిని భుజాన వేసుకునే నలభై చుట్లు తిరుగుతుంది. కుడికాలు టక్కున పడుతుంది, ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. కుట్టుకుంటూ లెక్కపెడతాను. ఏ రోజైనా ముప్పై ఐదుకే ఆగిపోతే ఒంట్లో బాగాలేదేమోనని పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుంటాను. మర్నాడు నలభై తిరిగితే, హమ్మయ్య అనుకుని, వెంటనే నాకెందుకులే అని కూడా అనుకుంటాను.

ఇరవై రెండు రోజులుగా ఆ నడక లేదు. డాబా మీద పని జరుగుతోంది కాబట్టి లేదు, అంతేగాని ఇంకేమీ కాదు. ముందు తీగబ్రష్షులతో శ్లాబంతా గీకారు, పగుళ్ళు పూడ్చారు, నీరు దిగకుండా నల్లటి పూత పూశారు. తర్వాత లేత నీలం పలకలు మోసుకొచ్చారు, చూడటానికి థర్మాకోల్ లాగే ఉంటాయి గాని మీద నిలబడి గెంతినా నలగవు. ఇటుకలు పేర్చినట్టు ఒక వరస అతుకు ఇంకో వరస అతుక్కి ఎదురు పడకుండా పరిచారు, అతుకుల మీద టేపు అంటించారు, పైన ఇనప జాలీ, దానిపైన రెండంగుళాల సిమెంటు, నీళ్ళు గొట్టం వైపు జారేలా కొంచెం వాలు, చివరికి తెల్లరంగు. మేస్త్రీ మాటకారి. "ఇంటికి స్వెట్టరు తొడుగుతున్నామమ్మా," అన్నాడు. ఎండాకాలంలో స్వెట్టరేంటయ్యా అంటే, "ఐసు గడ్డకి గోనెసంచి చుడతారు కదమ్మా, దానికి చలేస్తుందనా?" అన్నాడు. నవ్వాను. నవ్వాక, ఈ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినిపించి ఊరుకున్నాను. శ్లాబు ఇన్నేళ్ళు తాగిన వేడంతా కక్కడానికి టైం పడుతుందనీ, కంగారు పడొద్దనీ చెప్పాడు. అక్క దగ్గరికి అనుమతికి కూడా అతన్నే పంపాను, నేను వెళ్ళలేక. తిరిగొచ్చి, "చేయించుకోమన్నారు, బట్టల తీగ మాత్రం మళ్ళీ కట్టమన్నారు," అన్నాడు. ఇంకేమీ అనలేదా అని నేను గోడకేసి చూస్తూ అడిగాను. "ఏ గది కోసమని అడిగారు. వెనక గదేనా అన్నారు. అవునన్నాను." ఆ మాట ఇరవై రెండు రోజులుగా నా వెంటే తిరుగుతోంది. వెనక గదేనా అని ఎందుకడిగిందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. ఇవాళ్టి నుంచి పైన తిరగొచ్చని పొద్దున మేస్త్రీ చెప్పి, సామాను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నాలుగూ ముప్పై రెండు. పెరటి మెట్లు ఎక్కడానికే ఆమెకి మూడు నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆగుతుంది. వీపు కింద నేల చల్లగా ఉంది, ఇది నాకింకా నమ్మకం కుదరని చల్లదనం. సరిగ్గా ఇక్కడే ఆయన మంచం ఉండేది, తల కిటికీ వైపు, కాళ్ళు గుమ్మం వైపు. ఫ్యాన్లకు కాయిళ్ళు చుట్టేవాడు ఆయన. ఊళ్ళో సగం ఇళ్ళల్లో తిరిగే ఫ్యాన్లు ఆయన చేతి మీదుగా వచ్చినవే, రోడ్డు మీద నడుస్తూ కిటికీలోంచి వినిపించే చప్పుడును బట్టి వీళ్ళకి బేరింగు పోయింది, వీళ్ళకి రెక్క వంగింది అని చెప్పేవాడు. అంతటివాడి చివరి తొమ్మిది రోజులూ ఈ ఫ్యాను కింద, అది మంచి ఫ్యానే, కానీ ఉడికిన పైకప్పు కింద ఎంత మంచి ఫ్యానైనా ఏం చేస్తుంది, ఉన్న వేడినే తెచ్చి ముఖాన కొడుతుంది. గోడకి థర్మామీటరు ఆయన తగిలించిందే. మంచంలోంచి దాని అంకెలు కనబడేవి కావు. ఎంతుంది అని అడిగేవాడు. ముప్పై ఆరు అనేదాన్ని. నలభై ఒకటి ఉండేది. "ముప్పై ఆరుకి ఇలా ఉండదే," అని పనివాడి అనుమానంతో పైకి చూసేవాడు. తడిగుడ్డ మార్చేదాన్ని, డాబా మీద బకెట్లతో నీళ్ళు పోసి వచ్చేదాన్ని, అవి పోసిన చోటే ఆవిరయ్యేవి. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళమని చెప్పేశాక చేయడానికి మిగిలింది ఆ పనులే, ఆ పనులు నేను బాగా చేశాను. దిండు గలీబులు రోజుకి మూడుసార్లు మార్చాను.

మూడో రోజున అక్క వచ్చింది, అప్పుడు ముందు మెట్ల మీదుగానే వచ్చేది. కింద పడగ్గది ఖాళీ చేశాను, పక్క పరిచాను, నలుగురిని పిలిస్తే మంచంతో సహా దించేస్తారు అంది. వాళ్ళ ఇంటికి మా ఇల్లే గొడుగు కదా, మా శ్లాబు ఎండంతా తాగాక వాళ్ళకి చేరేది ఏమీ ఉండదు, ఆ గదిలో నట్టెండలో కూడా దుప్పటి కావాలనిపిస్తుంది. వద్దన్నాను. మా ఆయన్ని మా ఇంట్లోంచి కదల్చను అన్నాను. ఎందుకన్నానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని, ఇప్పుడు చెప్పగలను. ఈ మిషను అక్క కొనిపెట్టింది. మొదటి గిరాకీ అక్క తెచ్చింది. ఈ పై వాటా కట్టుకోండని బావగారిని ఒప్పించింది అక్క. పంట్లాం అంచు ఎలా మడిచి కుట్టాలో నేర్పింది కూడా ఆమే. నా బతుకులో ఆమె చెయ్యి పడనిది ఏదైనా ఉందంటే అది ఆయన ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ తీసుకెళ్ళి ఆమె పక్కమీద పడుకోబెట్టి, ఆమె ఇంట్లో అతిథిలా ఒక పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు. అహంకారం అంటే అహంకారమే, ఇంకో పేరు వెతకను. ఆమె ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో అని ఆరేళ్ళుగా ఆ తప్పు కూడా ఆమె మీదకే నెడుతున్నాను, నేనెంత గడుసుదాన్నో చూడండి. ఆయన తొమ్మిదో రోజు పొద్దున పోయాడు. ఇల్లంతా జనం. నేను ఈ గుమ్మానికి ఆనుకుని ఉన్నాను. వరండాలో అక్క ఎదురింటి టీచరమ్మతో అంటోంది, కింద పడుకోబెట్టి ఉంటే ఇంకో నాలుగు రోజులు ఉండేవాడు అని. గొంతు తగ్గించి కూడా అనలేదు.

ఆ మాటతో ఆమెతో మాట్లాడటం మానేశాను. గొడవ పడలేదు, ఒక్క మాట తిరిగి అనలేదు, మానేశాను అంతే. అందుకే పైకప్పుకి కూడా ఏమీ చేయించలేదు. వేసవి వచ్చినప్పుడల్లా ఎదురింటి టీచరమ్మ, పాలావిడ, చివరికి మిషను బాగుచేసేవాడు కూడా చెప్పారు, ఇప్పుడేవో పలకలు వస్తున్నాయట, వేయించుకోవచ్చు కదా అని. వేయిస్తే ఏమవుతుంది? ఈ గది మనిషి ఉండే గది కాదని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. మనిషి ఉండే గది కాదని తెలిసీ మనిషిని ఉంచానని అవుతుంది. కాబట్టి ఉడికాను. కావాలనే ఉడికాను. మెడకి తడి తువ్వాలు చుట్టుకుని కుట్టాను, చెమట గిరాకీ బట్టల మీద పడకుండా మోచేతుల దాకా గుడ్డ పట్టీలు వేసుకుని కుట్టాను. నేను ఉండగలిగితే ఆయనా ఉండగలిగినట్టే అని ఎవరికో సాక్ష్యం చెబుతున్నట్టు ఆరు వేసవులు ఇందులో కూర్చున్నాను. ఈ వేసవి మొదట్లో ఫ్యాను రెక్కలు తుడుద్దామని స్టూలు ఎక్కి, ఒరిగి, పడకుండా పైకప్పుకి అరచెయ్యి ఆనించాను. చురుక్కుమని వెనక్కి తీసేసుకున్నాను. స్టూలు మీదే నిలబడిపోయాను. దీని కిందా ఆయన పడుకున్నది అనుకున్నాను. అంతకు ముందు తెలియదని కాదు, తెలుసు, కానీ చేతికి తెలియడం వేరు. దిగి, ఫోను తీసుకుని, మేస్త్రీని పిలిచాను.

నాలుగూ నలభై ఐదు. లేదు. ఏమీ లేదు. టక్కు లేదు, ఈడ్పు లేదు. ఇరవై రెండు రోజులు నడక మానేసి అలవాటు తప్పిందా. మోకాలు మళ్ళీ వాచిందా. దండెం కట్టారు కదా, పొద్దున బట్టలు ఆరేసింది కదా, మూసిన పెరటి కిటికీ సందులోంచి ఆమె చీర కుచ్చిళ్ళూ, చేతిలో బకెట్టూ కనబడ్డాయి, తీసుకోవడానికైనా రావాలి. లేక వెనక గది కోసమని తెలిశాక, ఆ గది మీద నడవడం ఇష్టం లేక మానేసిందా. ఏదో అనిపించి లేచి కూర్చున్నాను. పక్కింటి వైపు కిటికీ అవతల, గోడ మీద ఒక పిల్లి నడుస్తోంది, దాని వెనకే ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ మా డాబా మీదకి ఎగిరింది. పావురాలు మా డాబా మీద వాలితే గోళ్ళు గీకిన చప్పుడు ఎప్పుడూ వినిపించేది. వినిపించలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు, వాన చప్పుడు కూడా వినపడదమ్మా, అంత గట్టిది ఇది అని. అదేదో అదనంగా ఇచ్చినట్టు చెప్పాడు, నేనూ అదనంగానే తీసుకున్నాను. ఎండని ఆపేది అడుగుల్ని ఆపకుండా ఎలా ఉంటుంది. ఆమె పైన ఉండొచ్చు, ఈ క్షణాన సరిగ్గా నా తల మీద ఉండొచ్చు, పదిహేనో చుట్టులో ఉండొచ్చు. ఉన్నా లేకపోయినా ఇక నాకు తెలియదు. ఇవాళే కాదు, రేపు కూడా. పడిపోయినా తెలియదు. ఈ ఇల్లు ఇప్పుడు చల్లగా, నిశ్శబ్దంగా, చాలా బాగుంది, ఇందులో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆరేళ్ళూ ఒక్కదాన్నే ఉన్నాననుకున్నాను గాని, లేను. ఇప్పుడు ఉన్నాను.

థర్మామీటరు ముప్పై రెండు చూపిస్తోంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను, ముప్పై రెండే. అదే గోడ, అదే మేకు, అదే గంట, బయట అప్పటి ఎండే. తొమ్మిది డిగ్రీలు. తొమ్మిది డిగ్రీలకి నాలుగు రోజులు వస్తాయా? వస్తే ఏం చేసేవాడు? పెద్ద మాటలేమీ చెప్పేవాడు కాదు, ఆయన స్వభావం నాకు తెలుసు. ఫ్యానుకి నూనె వేయమనేవాడు. టీ ఇంత పల్చగా పెట్టావేంటని సణిగేవాడు. నా అరికాలి మీద తన అరికాలు పెట్టి పడుకునేవాడు. ఆ నాలుగు రోజులు నాకు కావాలి. ఒక్క రోజైనా చాలు. ఇక్కడిదాకా వచ్చాక మిగతాది కూడా అనుకోక తప్పదు, ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చి మిషను తొక్కడం మొదలుపెడతాను, ఇవాళ మిషను ఆపేసి ఉంది. ఆయన అడిగాడు. ఆరో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి. కిందికి వెళ్దామా అన్నాడు. అక్క పక్క పరిచిందని ఆయనకి నేను చెప్పలేదు, ఎలా తెలిసిందో, వరండాలో మాటలు విన్నాడేమో. బతిమాలినట్టు కూడా అనలేదు, షికారుకి వెళ్దామా అన్నట్టు అన్నాడు. నేను గలీబు మారుస్తున్నాను. వినపడనట్టు ఊరుకున్నాను. రెండోసారి అడిగినప్పుడు ఫ్యాను పెంచనా అన్నాను. అది ఫుల్లులోనే ఉందని నాకంటే ఆయనకే బాగా తెలుసు. సరే అన్నాడు. ఈ సంగతి అక్కకి తెలియదు, టీచరమ్మకి తెలియదు, ఎవరికీ తెలియదు. అక్క అన్న మాట నన్ను అంత కోసింది అందుకే. ఆమె ఊహించి అంది, నాకు ఊహతో పని లేదు.

ఐదు కావస్తోంది. లేచాను. చెప్పులు కూడా వేసుకోకుండా ముందు మెట్లు ఎక్కాను, పద్దెనిమిది మెట్లు, తలుపు గొళ్ళెం తీశాను. తెల్లరంగుకి కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి అక్క అవతలి చివర ట్యాంకు దగ్గర మలుపు తిరుగుతోంది, భుజం మీద తువ్వాళ్ళు, చేతిలో దుప్పటి. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. నేను విన్న అడుగుల్లో జుట్టు లేదు, ఆమె నాకు ఆరేళ్ళ కిందటి మనిషిగానే ఉంది. నన్ను చూసి ఆగింది. తన కాళ్ళ వంక చూసుకుంది, ఆమె కూడా చెప్పులు లేకుండానే ఉంది.

"కాలు కాలడం లేదే," అంది, నిన్న ఆపిన మాట అందుకున్నట్టు.

"తెల్లరంగు వేశారు కదా."

"గది చల్లబడిందా?"

"ముప్పై రెండు." ఇంకేదో అనబోయి, దాచుకున్న మాటే బయటికి వచ్చింది. "నువ్వన్నది నిజమేనక్కా."

"ఏమన్నాను?"

ఎగతాళి చేస్తోందేమోనని ముఖంలోకి చూశాను. చేయడం లేదు. "ఆయన పోయిన రోజున. కింద పడుకోబెట్టి ఉంటే ఇంకో నాలుగు రోజులు ఉండేవాడని టీచరమ్మతో అన్నావు."

అక్క కనుబొమలు ముడిచి, పారేసుకున్న వస్తువు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే మనిషిలా అటూ ఇటూ చూసింది. "నేనా?" అంది. "గుర్తు లేదే. అని ఉంటానులే. ఆ రోజు ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను, నోరు ఊరుకుంటే ఏడుపొస్తుందని." నా వైపు తిరిగి, "ఆ మాటకా నువ్వు?" అంది.

"మరి ఎందుకనుకున్నావు?"

"నీకు మనుషులంటే విసుగు పుట్టిందనుకున్నాను. మొగుడు పోతే కొందరికి అలా అవుతుంది. దాని మానాన దాన్ని వదిలేద్దామనుకున్నాను."

ఎదుటివాళ్ళు లేని గొడవ ఆరేళ్ళు పడ్డాను. ఉడికింది నేను, సాక్ష్యం చెప్పింది నేను, విన్నవాళ్ళు ఎవరూ లేరు. నవ్వాలో ఏడవాలో తెలియక పిట్టగోడ పట్టుకున్నాను. అక్క దగ్గరికి వచ్చింది, ఎడమకాలు ఈడ్చుకుంటూ. "నాలుగు రోజులూ లేవు, నా మొహమూ లేదు," అంది. "డాక్టరు వారం అన్నాడు, తొమ్మిది రోజులు ఉంచావు. ఏ గదైనా ఒకటే." ఇంత సులువుగా క్షమించేసింది, అదీ నా అసలు తప్పేదో తెలియకుండానే. అది తీసుకుని కిందికి దిగిపోవచ్చు. రేపటి నుంచి మాటలు కలుస్తాయి, పెరటి కిటికీ తెరవచ్చు, ఆమె టీకి పిలుస్తుంది, నేను వెళ్తాను. చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు.

"అడిగాడక్కా," అన్నాను. "కిందికి వెళ్దామా అని నన్ను అడిగాడు. రెండుసార్లు అడిగాడు. వినపడనట్టు ఊరుకున్నాను."

ఆమె తువ్వాలు సర్దుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఫర్వాలేదంటుందని చూశాను, ఏ గదైనా ఒకటే అని మళ్ళీ అంటుందని చూశాను. అనలేదు.

"ఎవరికైనా చెప్పావా ఇది?"

"లేదు."

"ఇన్నేళ్ళూ?"

"ఊఁ."

"మంచిపని చేయలేదు నువ్వు," అంది. గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు.

"చేయలేదక్కా," అన్నాను. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది, ఆయన పోయిన రోజు కూడా అంత రాలేదు. అక్క నన్ను పట్టుకోలేదు, ఊరుకోమనలేదు. ఆమె ముక్కు ఎర్రబడింది. ట్యాంకు వైపు తిరిగి కొంగుతో తుడుచుకుంది. తర్వాత చేతిలోని దుప్పటి విప్పి, ఒక కొస నా వైపు విసిరింది. పట్టుకున్నాను. ఇద్దరం వెనక్కి అడుగులు వేసి దాన్ని సాగదీశాం, కళ్ళనీళ్ళలో అంచు ఎక్కడుందో నాకు కనబడటం లేదు.

"సరిగ్గా పట్టుకో, వంకర పోతోంది," అంది అక్క.